ఊకెనే కాళ్లు పట్టుకున్న సారు

ఏందిరా ఆశేర్, నేను కూసున్న మంచం కిందనే దూర్చినవా కాళ్లు? మంచం లేస్తున్నదిరా, నేనీడ ఉయ్యాల ఊగుతున్న. ఎనకటి గోపయ్య అనుకుంటున్నవా, కూసుంటె మంచం కోళ్లు భూమిలకు దిగెటట్టు? గా బరువంత షుగరు తినేసింది. తీయ్, కాళ్లు తీయ్. ఫోన్ల సూసి నేర్సుకున్నవా? మోకాళ్ల మీద నిలబడి, నడుము వంగకుంట, కట్టె లెక్క మెల్లగ ముందుకు వాలుడు. తొడ ఎనక కండ గట్టిపడ్తదని. ఆఁ, హ్యామ్‌స్ట్రింగే, పేరు నాకెరుకనేరా. కాళ్లు పట్టుకునేటోడు దొరకక మంచం ఎతుక్కున్నవ్. మీ దోస్తులేమైన్రు? అవులే, వాళ్లకు ఫోను పట్టుకునేతందుకే రెండు చేతులు సాలయ్. జర ఆగు, ఊపిరి తీస్కో. మ్యాచు వచ్చే నెల గద, తొందరేంది. గా ఫోన్లోడే ఇది కనిపెట్టిండనుకుంటున్నవేమో. శంషాబాద్‌ల ఈ కసరత్తు చేయించింది వరప్రసాద్ సారు. తొంభై ఆరు సంగతి. నువ్వు గప్పుడు లేవు. నువ్వు అసలుంటవో ఉండవో గూడ ఆ యేడే తేలింది, మీ నాయిన తొడ ఎనక. నవ్వకు, నిజం చెప్తున్న.

గప్పుడు ఈ ఇమానాలు లేవు, ఈ రోడ్డు లేదు. ఎయిర్‌పోర్టుకు పోయే కాడ టాక్సీలు మలుగుతయ్ సూడు, గాడుండె మన గ్రౌండు. సుట్టు ద్రాక్షతోటలు. ఆ టీంకు కెప్టెన్ నేనే, కోచ్ నేనే, గోల్‌కు వల అల్లింది గూడ నేనే. నేను కిక్కు కొడితె బాలు ఎటుపోయిందో తోటమాలి వచ్చి చెప్పెటోడు. ఒకపాలి పెనాల్టీ కొట్టిన, గోల్ స్తంభం ఇరిగింది. ఇరిగింది అంటె పగిలింది గాదు, రెండు తుకుడలు. బెంగళూరు రోడ్డు మీద లారీలు ఆపుకొని డ్రైవర్లు దిగి సూసెటోళ్లు, నన్ను సూసెతందుకు. ఒక సర్దార్జీ అయితె లారీల ఉన్న ఉల్లిగడ్డలు మురిగిపోతున్నా గూడ కదలలే. ఏందీ, మీ నాయిన ఒక్క లారీనే అన్నడా? మీ నాయిన ఆడుకుంట లారీలు లెక్కపెడ్తడా?

మీ నాయిన బ్లెసన్ గురించి చెప్పాలె అసలు. మా టీంల అందరికన్న చిన్నోడు. మీ తాత మత్తయ్య తోటల్ల పురుగుల మందు కొట్టెటోడు, పొద్దంత ఆ మందు వాసన, రాత్రయితె దగ్గు. బ్లెసన్ గూడ బడి అయిపోంగనె అదే డబ్బ భుజానికేసుకుండు. కని కాలుకు బాలు తగిలితె మాత్రం వాడు వేరే మనిషి. కుడి పక్క గీత పొంటి ఉరికితె ఎనక దుమ్ము లేస్తది, మనిషి కండ్లవడడు. ఎవరు నేర్పిన్రంటవ్? నేనే. కని వాని బాధ ఏందంటె, బాగ ఉరికినప్పుడే తొడ ఎనక పట్టేస్తది. టపుక్కున చెయ్యి తొడ ఎనక పోతది, ఇగ ఒంటి కాలు మీద ఎగురుకుంట బయటికొస్తడు. నరం గుంజింది అనెటోళ్లం. దానికి మా వైద్యమేందంటె, ఇటుక కాల్చి కాపడం పెట్టుడు, నూనె పోసి ఇద్దరు కలిసి రుద్దుడు, ఆడు మొత్తుకున్న కొద్ది రుద్దుడు, ఆఖరికి తొడకు దస్తీ బిగిచ్చి కట్టి మల్ల గ్రౌండ్లకు తోలుడు. దస్తీ కట్టుకొని ఆడినోడే మొగోడు గప్పుడు. నా తొడ మీద సూడు, దస్తీ ముడి అచ్చు ఇంక ఉన్నది. అది ముడతగాదురా, అచ్చే.

అంతకు ముందు యేడు ఓ సర్కారు ఆఫీసు టీం సెలక్షన్ పెట్టింది, సికింద్రాబాద్‌ల. ఆటలో పనికొస్తె నౌకరి. పర్మినెంటు. బ్లెసన్ పోయిండు, బాలు తీస్కొని ఉరికిండు, సగం దూరంల తొడ పట్టుకొని కూలబడ్డడు. ఆళ్లు మంచోళ్లు, ఇంకొక్కపాలి రమ్మన్నరు. ఒక్కపాలే. మల్ల గట్లయితె ఇగ రావద్దన్నరు. అంటె ఏంది? ఆ తొడ నిలబడితె నౌకరి, లేకుంటె జిందగంత ఆ మందు డబ్బ, మీ తాత దగ్గు వీనికి. గింతే లెక్క.

గా టైంల దిగిండు వరప్రసాద్ సారు. పొద్దుగాల, ఇంక పొగమంచు పోలే, స్కూటర్ మీద వచ్చి గీతకు అవుతల నిలవడ్డడు. ఇస్త్రీ ప్యాంటు, ఇన్‌షర్ట్, నూనె పెట్టి దువ్విన తల. కోస్తాల భీమవరం దిక్కు మనిషి. హైదరాబాద్‌ల ఏదో దవాఖానల ఫిజియోథెరపీ చేసెటోడు, మైలార్‌దేవ్‌పల్లిల కిరాయికి ఉండెటోడు. మంచిగ ఉన్నోడు మైలార్‌దేవ్‌పల్లిల ఉంటె మైలార్‌దేవ్‌పల్లిల ఉండాలె, ఆరాంఘర్ దాటుకొని బెంగళూరు రోడ్డు పట్టుకొని మన దగ్గరికెందుకు? నాకు గాడ్నే అనుమానం. ఇంకోటి సూడు. ఆటకొచ్చినోడు ఎవడన్న బాలు ఎటుపోతె అటు సూస్తడు. ఈయన బాలును సూడడు. పోరల తొడలు సూస్తడు. రోజు గట్లనే వచ్చుడు, తొడలు సూసుడు, పోవుడు. ఒకనాడు నేనే పోయి అడిగిన, ఏం సారూ, ఏం గావాలె అని. ఆయన చెప్పులు జర పక్కకు జరిపి, చేతులు కట్టుకొని అన్నడు: "గోపయ్యగారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఒక మాట చెబుతానండీ." గారు అంట. జిందగీల నన్ను గారు అన్న మనిషి లేడు, మా బామ్మర్ది గూడ అనలే పెండ్లిల. పని లేనిది గారు అంటరా ఎవలన్న?

ఆయన చెప్పిందేందంటె, మేము పొద్దుగాల్నే వచ్చుడు వచ్చుడే ఉరుకుడు తప్పంట. చల్లగున్న కండ ఒక్కపాలి గుంజితె తెగుతదంట, ముందుగాల మెల్లగ నడిచి, మెల్లగ ఉరికి, వేడెక్కినంక జోరు పెంచాలంట. కాపడాలు వద్దన్నడు, దెబ్బ తగిలిన వెంటనె రుద్దుడు అస్సలు వద్దన్నడు. దస్తీ సూసి అయితె మొకం గట్ల పెట్టిండు, పాము సూసినట్టు. నేను ఊకుంటనా? నేనన్న, సారూ, నా కోచింగుల పోరలు గుర్రాల లెక్క ఉరుకుతరు, ఇంజను మీద మాటొద్దని. ఆయన నవ్విండు. "ఇంజను బ్రహ్మాండంగా ఉందండీ. నా భయం బ్రేకు గురించి. కాలు ముందుకి విసిరాక దాన్ని ఆపేది ఈ వెనక కండే. సాగుతూ ఆపాలి పాపం. ఆ సాగేటప్పుడు బలం లేక తెగుతోంది." ఆ మాట నాకు అంతకుముందే ఎరుక, కాకపోతె ఆయన ముందుగాల అన్నడు.

ఇగ ఆనాడే చేసి సూపించిండు. మీ నాయినను పిలిచి, మోకాళ్ల కింద తన తువ్వాల పరిచి, నిలబెట్టిండు. నువ్వు ఇప్పుడు చేసినవ్ సూడు, గట్లనే. ఎవలన్న ఒకరు వచ్చి వీని మడిమెల మీద పట్టుకోండ్రి అన్నడు. ఎవడు కదలలే. ఒకని మొకం ఒకడు సూసుకున్నరు. ఎందుకు కదులుతర్రా? టీంల అందరు బ్లెసన్ కన్న పెద్దోళ్లు. పెద్దోడు చిన్నోని కాళ్లు పట్టుకుంటడా? పైనుంచి, చెప్పనా, చెప్తె ఏమనుకోవు గద, వాడు ఆ చివరి వాడకట్టు పిల్లగాడు, చర్చి ఎనక గల్లీ. పాసులియ్యమంటె ఇస్తరు, గోల్ కొడితె ఎత్తుకుంటరు. కాళ్లు ముట్టమంటె మాత్రం ఎవని చేతులు వాని జేబుల్లకు పోయినయ్. సారు ఒక నిమిషం సూసిండు. ఆ ఇస్త్రీ ప్యాంటు తోని మట్టిల కూసున్నడు. మీ నాయిన మడిమెలు రెండు చేతుల తోని పట్టుకుండు, తన బరువంత ఆనిచ్చిండు, "ఊఁ, నెమ్మదిగా నాన్నా, పడిపోకుండా ఆపుకుంటూ వాలు" అన్నడు. మీ నాయిన భయం తోని వణికిండు గాని కసరత్తు తోని కాదు.

నువ్వు ఇప్పటి పోరగానివి, నీకు తెల్వది. ఊకెనే ఎవడన్న కాళ్లు పట్టుకుంటడా? ఎలక్షనప్పుడు లీడరు పట్టుకుంటడు, వానికి ఓటు గావాలె. పిల్లనిచ్చే మామ అల్లుని కాళ్లు కడుగుతడు, పిల్ల సుఖంగ ఉండాలని. ఆఫీసుల పని పడితె పట్వారీ కాళ్లు పట్టుకున్నోళ్లను నేనే సూసిన. ఈయనకేం గావాలె? చదువుకున్నోడు, నౌకరున్నోడు, పెద్ద కులపోడు, ఎక్కడ్నో భీమవరం మనిషి, మన పోరల కాళ్లు మట్టిల కూసొని పట్టుకునుడేంది? ఆ పొద్దే ఊరంత అదే ముచ్చట. ఏదో ఉన్నది, ఉండక తప్పదు, అదేందో గోపయ్యే కనుక్కోవాలె అన్నరు. నన్ను కాకుంటె ఎవర్నంటరు? అంతకుముందు దొంగతనమైన ఎద్దును నేను దాని అడుగులు సూసే పట్టిన, మహబూబ్‌నగర్ దాక పోయి. అది ఇంకో కథ.

ముందుగాల మత మార్పిడి అన్నరు. గోల్‌కీపర్ తల్లి ఈరమ్మ గ్రౌండు మీదికొచ్చి, నా కొడుకును మోకాళ్ల మీద నిలబెడ్తవా, ఏ చర్చిల కలుపుతున్నవ్ అని సారును కడిగిపారేసింది. ఆయన జంధ్యం సూపించిండు పాపం. జంధ్యం ఎవడన్న ఏసుకోవచ్చు అన్నది ఈరమ్మ. అది మాట. ఇటు మీ తాత మత్తయ్యకేమో ఇంకో అనుమానం. నా దగ్గరికొచ్చి మెల్లగ అడిగిండు, "పటేలా, ప్రార్థన చేసినట్టె మోకరించపెట్టి మల్ల ముందుకు పడగొడ్తుండు, మా దేవుణ్ని ఎక్కిరిస్తుండా ఏంది?" అని. సూసినవా, వాళ్లకట్ల అనుమానం, వీళ్లకిట్ల అనుమానం, అనుమానంల మాత్రం ఊరంత ఒక్కటైంది. పోరలు దానికి సగం సాష్టాంగం అని పేరు పెట్టిన్రు. తర్వాత భూముల కొరకు వచ్చిండన్నరు. అది నేను గూడ నమ్మిన కొన్నాళ్లు. కోస్తా నుంచి వచ్చినోళ్లు గప్పుడప్పుడే జాగలు సూస్తున్నరు. నేను ఆయన ఎనక తిరిగి సూసిన, ఎవలను ఒక్క మాట అడగలే, ఒక్క గజం కొనలే. శంషాబాద్ దాక వచ్చి గజం జాగ కొననోణ్ని నమ్ముడెట్ల? నా అనుమానం ఇంకింత పెద్దగైంది.

మధ్యల ఇంకోటైంది. ఆ కసరత్తు కొత్తల చానా తక్కువ చేయాలె, కండ అలవాటైనంక మెల్లమెల్లగ పెంచాలె, మ్యాచుకు దగ్గర్ల చేయొద్దు అన్నడు సారు. మన టీం అంటె ఏందనుకున్నడు? మన పోరలకు ముద్దలు పెట్టినట్టు జర జర ఏంది అని, సారు రాని రోజు నేను ఒక్కొక్కని కాళ్ల మీద ఒక బండరాయి పెట్టి, నాలుగు రోజులది ఒక్క పొద్దే చేయించిన. తెల్లారి లేస్తె ఎవడు నడువడు. గోల్‌కీపర్ మెట్లు దిగలేక ఎనకకు తిరిగి దిగిండు, ముసలోని లెక్క. దొడ్డికి కూసోనీకి గూడ రాలే ఒకనికి. ఆ వారం బడంగ్‌పేట్ టీం మీద ఓడినం. బడంగ్‌పేట్ మీద, ఊహించు. సారు వచ్చి సంగతి విని తల పట్టుకుండు. నేనేమన్ననంటె, సూసిన్రా, కాళ్లు పట్టుకొని కాళ్లు తీసిండు అన్న. ఇప్పటికి అదే అంట. అంత నొప్పి లేచే కసరత్తు జర చేయించుడేంది, అసలు చేయించుడేంది?

ఇగ అప్పుడు తేల్చుకున్న. ఒక ఆదివారం పొద్దుగాల సైకిలేసుకొని మైలార్‌దేవ్‌పల్లి పోయిన. ఆరాంఘర్ కాడ బస్సును దాటిన, కండక్టర్ సలాం కొట్టిండు. ఆడ వాళ్ల గ్రౌండు గోడ ఎనక నిలవడి సూస్తె ఏముంది? మన వరప్రసాద్ సారు. మట్టిల కూసున్నడు. ఎవని కాళ్లు పట్టుకున్నడనుకున్నవ్? మల్లేశ్వర్‌వి. మైలార్‌దేవ్‌పల్లి డిఫెండర్ మల్లేశ్వర్, మీ నాయినను అడ్డం పడనీకి తప్ప ఇంక దేనికి పుట్టనోడు. అదే తువ్వాల, అదే సగం సాష్టాంగం, అదే "నెమ్మదిగా నాన్నా". నా గుండె చల్లవడ్డది. దొరికిండు దొంగ. రెండు దిక్కుల కాళ్లు పట్టుకుంటుండు, మన ముచ్చట ఆడ చెప్తుండు, ఆడ ముచ్చట ఎవలకు చెప్తలేడు. గోడ దునికి, అవునురా, దునికిన, తలకాయంత ఎత్తు గోడ, ఆయన ముందల నిలవడి అడిగిన. ఏం సారూ, ఏ ఊరోనివి నువ్వు, ఎవల దిక్కు అని. మల్లేశ్వర్ లేవబోతె ఆయన లేవనియ్యలే. ఆ మడిమెలు ఇడువకుంటనే నా దిక్కు తల ఎత్తి అన్నడు: "కాలికి ఊరుంటుందాండీ, గోపయ్యగారూ?" గంతే. మల్ల ఆ పిల్లగాని దిక్కు తిరిగి, ఊఁ, నెమ్మదిగా, అన్నడు. జవాబు గాని జవాబు. మాటలు గట్ల తియ్యగ చెప్పెటోణ్ని నేను అస్సలు నమ్మ.

నేను వచ్చి టీంకు చెప్పిన, ఇగ ఆ సారు వద్దని. పోరలు సరే అన్నరు. మీ నాయిన మాత్రం తల వంచుకొని, "అన్నా, నాకు ఇప్పటి దాక పట్టెయ్యలే" అన్నడు. నిజమే. సారు వచ్చినప్పటి సంది వాని చెయ్యి తొడ ఎనకకు పోలే. వాడు పొద్దుగాల నాకంటె ముందు గ్రౌండ్లకు పోవుడు, సారు స్కూటర్ రావుడు, కాళ్లు పట్టుకునుడు, పోవుడు. నేను సూసి సూడనట్టున్న. నిఘా పెట్టిన అనుకో.

సెలక్షన్ దగ్గరికొచ్చింది. గప్పుడే సారు తల్లికి పానం బాగలేదని ఊరి నుంచి కబురొచ్చింది. సీతమ్మగారు, నేను సూడలే ఆమెను. ఆయన పోయేముందు స్కూటర్ నా ఇంటి ముందట ఆపిండు, దిగకుంటనే చెప్పిండు. బ్లెసన్ కసరత్తు ఆపొద్దు, ఇప్పుడు ఆపితె ఇన్నాళ్లది మట్టిపాలు, సెలక్షన్‌కు మూడు రోజుల ముందు మాత్రం ఇడిచిపెట్టాలె. ఎవలన్న గట్టి మనిషి మడిమెలు పట్టుకోవాలె, చిన్న పిల్లలతోని కాదు, జారితె దెబ్బ తగుల్తది. బండరాయి వద్దు. ఆ బండరాయి మాట అన్నప్పుడు నా దిక్కే సూసిండు. ఎవలకైన చెప్పండి అన్నడు గాని, మీరు పట్టుకోండి అనలే. అంత తెలివి ఉన్నదాయనకు.

ఇగ పట్టుకునేటోడేడి? మీ నాయిన టీంల ఒక్కొక్కణ్ని అడిగిండు. ఒకడు నడుము నొప్పన్నడు. ఒకడు రేపన్నడు. ఒకడు మొకం మీదనే అన్నడు, "నీ కాళ్లు పట్టుకునే రాత మా నాయిన రాయలే తమ్మీ" అని. ఎవడో పేరు చెప్ప, ఇప్పుడు మనమలున్నరు. ఇంటికి పోయి మీ తాతను అడిగిండు. మత్తయ్య పట్టుకుంటనన్నడు, కని మీ నాయినమ్మ రెబెక్కా ఏడ్సింది. పెద్దోళ్లు పిల్లల కాళ్లు పట్టుకుంటె పిల్లల ఆయుష్షు తగ్గుతది, నౌకరొద్దు ఏమొద్దు అన్నది. చర్చికి పోయేటోళ్లకు గూడ ఆ భయం ఉంటది, ఊరి భయం గద. మీ నాయిన మంచం కింద పెట్టిండు కాళ్లు, నీ లెక్కనే. మంచం లేచి మీ తాత కింద పడ్డడు. బండి కింద పెట్టిండు, బండి ముందుకు నడిచింది. ఆఖరికి గోల్ స్తంభానికి తాడుతోని కట్టుకుండు. నేను పొద్దుగాల పోతె, మోకాళ్ల మీద ఒక్కడే ఉన్నడు, మంచులో. ముందుకు వాలుతుండు, తాడు జారుతుంది, మొకం మట్టిల పడ్తుంది, మల్ల లేస్తుండు. మూతి పగిలింది. నన్ను సూసి లేవబోయిండు, కాళ్లు కట్టేసి ఉన్నయ్ గద, లేవరాలే. అన్నా నమస్తే అన్నడు, మట్టి ఊసుకుంట.

తర్వాతనా? తర్వాతేముంది. ఎవడో పట్టుకుండు తీయ్. ద్రాక్షతోట కంచె ఎనక, ఎవలకు కనపడని కాడ, సెలక్షన్ దగ్గరికొచ్చే దాక రోజు పట్టుకుండు. ఎవడో. నీకెందుకురా ఇప్పుడది? గోల్ స్తంభం రెండు తుకుడలైన సంగతి అడుగు, చెప్త.

సెలక్షన్ నాడు నేను గూడ పోయిన. టీమంత పోయింది, మత్తయ్య, ఈరమ్మ గూడ వచ్చిన్రు, ఆ సారు కసరత్తు ఏం చేసిందో సూద్దామని. ఆళ్లు కలిపి కలిపి రెండు టీంలు చేసిన్రు. మీ నాయినను ఆపనీకి ఎవణ్ని పెట్టిన్రంటె, మల్లేశ్వర్‌ను. సగం ఆట దాక మీ నాయినకు ఒక్క బాలు మంచిగ రాలే. తర్వాత ఒకటొచ్చింది, కుడి పక్క, ముందల అంత ఖాళీ. ఉరికిండు. మల్లేశ్వర్ ఎంబడి ఉరికిండు. పోయినేడు కూలబడ్డ కాడికే వచ్చిండు, అదే జోరు. గాడ, సరిగ్గ గాడ, వాని కుడి చెయ్యి ఎనకకు పోయింది. తొడ దిక్కు. మత్తయ్య కండ్లు మూసుకుండు. ఇగ అయిపాయె, మందు డబ్బే అనుకున్న. చెయ్యి పోయింది, జారుతున్న నిక్కరు పైకి గుంజుకుంది, మల్ల ముందుకొచ్చింది. అప్పు తెచ్చిన నిక్కరురా, నాదే, నా నడుము సైజుది. నాదే, నవ్వకు. వాడు ఆగలే. ఆఖరికి మల్లేశ్వర్‌ను ఒక అడుగు దాటి బాలు లోపటికేసిండు, ఎవడో తలతోని కొట్టిండు, గోల్. మల్లేశ్వర్ గూడ పడలే, ఎవని తొడ తెగలే. ఇద్దరివి ఆ సారు చేతులల్ల తయారైన కాళ్లే గద. ఆనాడే వీణ్ని తీసుకున్నరు. ఆ నౌకరి సూసే మీ అమ్మనిచ్చిన్రు, గట్ల నువ్వొచ్చినవ్. మత్తయ్య డబ్బ ఇంటి గోడకు తగిలిచ్చి, మీ నాయినను దాని దగ్గరికే రానియ్యలే మల్ల.

సారు గుండు తోని వచ్చిండు. తల్లి పోయింది. అయినా ముందు గ్రౌండ్లకే వచ్చిండు. మీ నాయిన ఉరికి పోయి చెప్పిండు, ఆయన సంబురపడ్డడు, మల్ల వీణ్ని పడుకోబెట్టి తొడ ఎనక ఏళ్లతోని ఒత్తి సూసిండు, అటెన్క మడిమెలు సూసిండు. చానా సేపు మడిమెలే సూసిండు. "ఎవరు నాన్నా పట్టుకుంది? బాగా పట్టారు. ఎముక మీద ఎక్కడా నొక్కలేదు." మీ నాయిన నోరు తెరవలే. సారు లేచి నా దిక్కు తిరిగిండు. నా మొకం కాదు, నా లుంగీ సూసిండు, మోకాళ్ల కాడ. ఎర్రమట్టి మరకలు ఏమన్న ఉండొచ్చు, తోట మట్టి గద, ఎవల లుంగీకి అంటదు? ఏమో సారూ నాకేం ఎరుక అన్న. ఆయన జర నవ్విండు. నన్ను అనుమానంగ సూసిండురా ఆశేర్. ఊరంత ఆయనను అనుమానిస్తే ఆయన వచ్చి వచ్చి నన్ను. అది మాత్రం నేను మర్చిపోను.

తర్వాత ఇంక కొన్నేండ్లు వచ్చిండు, రెండు ఊర్లకు. ఎండకాలంల ఒకనాడు కబురొచ్చింది, గుండె ఆగింది అని. చిన్న వయసే. మేము పోయినం మైలార్‌దేవ్‌పల్లికి. చిన్న కిరాయి ఇల్లు, అర్ర నిండ ఫుట్‌బాల్ పోరలు, మనోళ్లు వాళ్లు. ఒక్కొక్కడు వంగి ఆయన కాళ్లు రెండు చేతుల తోని పట్టుకొని లేస్తుండు. నడుము నొప్పన్నోడు గూడ పట్టుకుండు. రేపన్నోడు గూడ. భార్య వరలక్ష్మమ్మ గోడకు ఒరిగి కూసొని, ఇంతమంది ఎవలు అని సూస్తున్నది, ఆమెకే తెల్వది. నేను గుమ్మం కాడ్నే నిలవడ్డ. ఎందుకంటె, ఇప్పుడన్న బయటపడ్తది అనుకున్న. ఎవడన్న వచ్చి, సారు నాతోని ఈ పని చేయించుకుండు, ఈ సంతకం పెట్టించుకుండు, ఈ మాట తీసుకుండు అంటడేమో అని, ఎత్తుకుపోయే దాక నిలవడ్డ. ఎవడు రాలే. ఒక్కడు రాలే. మల్ల ఆయనకేం గావాలెరా? అన్నేండ్లు మట్టిల కూసొని, మనోని అనకుంట వాళ్లోని అనకుంట, ఊకెనేనా? ఊకెనే ఎవడన్న చేస్తడా? నాకు ఇప్పటికి అనుమానమే. రాత్రి పండుకుంటె ఇప్పటికి ఆలోచిస్త, ఏం గావాలె ఆయనకు అని.

నా సంగతి వేరే. నాకు కప్పు గావాలె, టీం పేరు గావాలె, అందుకని నేను. ఏందీ? నేను ఏం చేసిన్నన్న? నేనేం అనలే. మీ నాయిన చెప్పిండా? చెప్పడు. వాని బైబిల్ మీదనే చెయ్యి పెట్టిచ్చిన కంచె ఎనక, సచ్చే దాక ఎవలకు చెప్ప అని. కెప్టెన్ అన్నంక మర్యాద ఉంటదిరా, స్తంభం ఇరగ్గొట్టినోణ్ని నేను.

సూడు, మల్ల మంచం కిందనే పెడ్తున్నవ్ కాళ్లు. గట్ల కాదు. తీయ్. ఆ తువ్వాల అందుకో, మోకాళ్ల కింద ఏస్కో, నాలుగు మడతలు. జర నా చెయ్యి పట్టు, దిగుతున్న. అబ్బ. అయిపోయినయ్ మోకాళ్లు. ఆఁ, తిరుగు, ఆ దిక్కు తిరుగు, నా మొకం సూడకు. మడిమెకు పైన, ఎముక మీద నొక్కొద్దు, గిట్ల. అచ్చం మీ నాయిన కాళ్లేరా నీయి. మీ నాయినమ్మ సూస్తె ఏడుస్తది గాని, ఆయుష్షు గీయుష్షు ఏం తగ్గదు, మీ నాయినను సూడు, దుక్కలెక్క ఉన్నడు. ఇగ వాలు. మెల్లగ. నడుము వంగొద్దు, పడొద్దు, ఆపుకుంట. ఇంక మెల్లగ నాన్నా.

ఆగు, ఆగు. గేటు పెట్టినవా? పోయి గేటు పెట్టి రాపో ముందుగాల.